తాళం వేసితిమి, గొళ్ళెం మరచితిమి
అద్దె గిడ్డంగి గదుల భద్రత వెనుకనున్న శాస్త్రం

"తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అన్న మాట మన తెలుగువారి నోళ్ళలో చాలాకాలంగా నానుతున్నది. గొళ్ళెం పెట్టకుండా తాళం వేసే అమాయకుడెవడా అని చిన్నతనంలో మనమందరమూ నవ్వుకున్నవాళ్ళమే. అమెరికాకు వచ్చి, సంసారం పెట్టి, రెండు మూడు ఊళ్ళు మారిన తరువాత ఒకనాడు అద్దె గిడ్డంగి గది ముందు నిలబడి, ఆ అమాయకుణ్ణి నేనేనని గ్రహించవలసి వచ్చింది.

2009లో ఉద్యోగరీత్యా ఒహాయో నుంచి న్యూజెర్సీకి మారాము. కొత్త ఊరిలో దొరికిన అపార్టుమెంటు చిన్నది. సామానులో సగం దానిలో పట్టలేదు. ఇల్లు కొనుక్కునేదాకా ఉంచుకుందామని పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గిడ్డంగి గదిని అద్దెకు తీసుకున్నాము. మంచాలు, బల్లలు, టెలివిజను, కంప్యూటరు, పిల్లల సైకిళ్ళు అందులో చేర్చాము. వాటితో పాటు మన దేశం నుంచి వెంట తెచ్చుకున్న ఒక ట్రంకు పెట్టెను కూడా పెట్టాము. దానిలో మా పెళ్ళి ఫోటోల ఆల్బమూ, పదిహేనేళ్ళ పాటు మా అమ్మ నాకు వ్రాసిన ఉత్తరాలూ ఉన్నాయి. పెట్టెకు ఊరి నుంచి తెచ్చిన పెద్ద ఇత్తడి తాళం వేశాము. గది తలుపుకు మాత్రం హార్డువేరు దుకాణంలో అన్నిటికంటె చవకగా దొరికిన తాళం కొని వేశాము.

పదకొండు నెలల తరువాత సామాను తెచ్చుకోవడానికి వెళితే నా తాళంచెవి తాళంలో దూరలేదు. తుప్పు పట్టిందేమోనని కాసేపు ప్రయత్నించాను. తరువాత తెలిసింది, ఆ తాళం నాది కాదు. ఎవరో నా తాళాన్ని కత్తిరించి, సామాను తీసుకుని, అదే రకం కొత్త తాళం వేసి వెళ్ళారు. గిడ్డంగివారు రోజూ ఆ తలుపు ముందునుంచి నడిచినా వారికి అనుమానం కలుగలేదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన చందాన, చోరీ ఎప్పుడు జరిగిందో కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

టెలివిజను, కంప్యూటరు పోయాయంటే అర్థమయింది. కాని ఆ పాత ట్రంకు పెట్టె ఎందుకు పోయింది? వివరాలు వ్రాసుకోవడానికి వచ్చిన పోలీసు అధికారిని అడిగాను. "లోపలేముందో వాడికి తెలియదు కదా! పెద్ద తాళం వేసి ఉంది కనుక విలువైనదే ఉందనుకుని ఉంటాడు" అన్నాడాయన.

నేను వృత్తిరీత్యా ఇంజనీరును. అయినా తాళం అనే ఈ చిన్న యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో అంతవరకు ఆలోచించిన పాపాన పోలేదు. ఆ తరువాత తెలుసుకున్న సంగతులు మన కుటుంబాలకు ఉపకరిస్తాయనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

గిడ్డంగి గది అంటే ఏమిటి?

ఎవరి గదికి వారే తాళం వేసుకునే ఈ పద్ధతి ఇప్పటి రూపంలో 1960లలో టెక్సాసు రాష్ట్రంలో వ్యాప్తిలోకి వచ్చింది. 1964లో ఒడెస్సా పట్టణంలో వెలసిన గిడ్డంగిని దీనికి తొలి ఉదాహరణగా సాధారణంగా చెబుతారు. మీరే సామాను పెట్టుకోండి, మీరే తాళం వేసుకోండి, తాళంచెవి మీరే పట్టుకెళ్ళండి అన్నది ఆ వ్యాపారానికి మూలసూత్రం.

ఈ సూత్రంలోనే ఒక మెలిక ఉంది. పూర్వపు గిడ్డంగులలో యజమాని మన సామానును తన స్వాధీనంలోకి తీసుకుని, రసీదు ఇచ్చి, దానికి బాధ్యత వహించేవాడు. ఇక్కడ యజమాని మనకు అద్దెకిచ్చేది జాగా మాత్రమే. లోపల ఏముందో ఆయనకు తెలియదు. సామాను బాధ్యత అద్దెకున్నవారిదేనని ఒప్పంద పత్రంలో సాధారణంగా స్పష్టంగానే వ్రాసి ఉంటుంది. కనుక మనం కొనే తాళం అలంకారప్రాయం కాదు. ఆ గది భద్రతలో మన చేతిలో ఉన్న ముఖ్యమైన భాగం అదే.

తాళం కప్ప కడుపులో ఏముంది?

మనం తాళం కప్ప అని పిలిచే వస్తువులో రెండు భాగాలున్నాయి. ఒకటి కప్ప, అనగా తాళంచెవి దూరే మొండెం. రెండవది గుర్రపు లాడం ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ. దీనిని షాకిల్ అంటారు. మనం కొక్కెం అనుకుందాం.

మన ఇళ్ళలో వాడిన గోద్రెజ్ తాళాలు చాలావరకు మీట తాళాలు. అర్దేషీర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ ఆరంభించారు. మీట తాళంలో అనేక పలుచని ఇత్తడి మీటలు వరుసగా ఉంటాయి. తాళంచెవి ప్రతి మీటనూ సరిగ్గా కావలసినంత ఎత్తు లేపితేనే గడియ కదులుతుంది. ఎక్కువ లేపినా, తక్కువ లేపినా కదలదు. ఈ కిటుకును 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ కనిపెట్టాడు.

అమెరికాలో ఎక్కువగా కనిపించేది పిన్నుల తాళం. దీని మూలసూత్రం ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాలలోనే ఉంది. దానిని లోహంలో తీర్చిదిద్దినవారు అమెరికాకు చెందిన తండ్రీకొడుకులు. ఇద్దరి పేరూ లైనస్ యేల్. తండ్రి 1848లోను, కొడుకు 1861లోను పేటెంట్లు పొందారు. నేడు మన జేబులలో ఉన్న పలుచని, పళ్ళున్న తాళంచెవి ఆ కొడుకు ప్రసాదమే.

దీని పనితీరు సులభంగానే అర్థమవుతుంది. ఒక గొట్టంలో మరొక సిలిండరు తిరగడానికి వీలుగా అమర్చి ఉందనుకోండి. రెండింటికీ అడ్డంగా అయిదు రంధ్రాలు ఉంటాయి. ఒక్కొక్క రంధ్రంలో ఒకదానిపై ఒకటిగా రెండు పిన్నులు, వాటిని కిందికి నొక్కుతూ ఒక స్ప్రింగు ఉంటాయి. తాళంచెవి లేనప్పుడు పై పిన్నులు సిలిండరులోకి దిగి, మేకు దిగేసినట్లు దానిని కదలనివ్వవు. సరియైన తాళంచెవి దూరినప్పుడు దాని పళ్ళు ఒక్కొక్క జంటనూ తగిన ఎత్తుకు లేపుతాయి. అప్పుడు అయిదు జంటలలోనూ రెండు పిన్నులు కలిసే చోటు, సిలిండరు అంచు ఒకే గీతపైకి వస్తాయి. అడ్డు తొలగుతుంది, సిలిండరు తిరుగుతుంది, కొక్కెం విడుతుంది.

ఒక్కొక్క పిన్నుకు పది ఎత్తులు సాధ్యమనుకుంటే, అయిదు పిన్నులకు పదిని అయిదుసార్లు గుణించాలి. అనగా ఒక లక్ష రకాల తాళంచెవులు. ఈ లెక్క విని మనం నిశ్చింతగా నిద్రపోతాము. అయితే ఈ నిశ్చింత ఎంతవరకు సబబు?

హాబ్స్ నేర్పిన పాఠం

లండనులో జోసెఫ్ బ్రామా అనే ప్రసిద్ధుడు 1784లో ఒక తాళానికి పేటెంటు పొందాడు. అతని కంపెనీవారు దుకాణపు కిటికీలో ఒక తాళాన్ని వేలాడదీసి, దానిని తెరువగల పనిముట్టును చేసినవారికి 200 గినీలు బహుమతి ఇస్తామని ప్రకటించారు. అర్ధ శతాబ్దం పాటు ఎవరివల్లా కాలేదు. 1851లో లండను మహాప్రదర్శనకు వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికను దానిని తెరిచి చూపించాడు. పదహారు రోజులలో మొత్తం 51 గంటలు పట్టింది. అంతకు ముందే, ఇంగ్లండులో గొప్ప పేరున్న చబ్ తాళాన్ని అతడు సుమారు 25 నిమిషాలలో తెరిచాడు.

హాబ్స్ లక్ష తాళంచెవులు ప్రయత్నించలేదు. ఏ తాళమూ లెక్కప్రకారం నూటికి నూరుపాళ్ళు ఖచ్చితంగా తయారు కాదన్నదే అతని రహస్యం. రంధ్రాలు వెంట్రుకవాసి అటూ ఇటూగా ఉంటాయి. అందువల్ల గడియను తెరుచుకునే దిశలో కొంచెం నొక్కిపట్టితే, అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు, ముందు ఒకటే బిగుసుకుంటుంది. దానిని సరిచేస్తే మరొకటి బిగుస్తుంది. అనగా అయిదు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెప్పనవసరం లేదు. ఒక్కొక్కదానికి విడివిడిగా చెప్పవచ్చు. పదిని అయిదుసార్లు గుణించవలసిన చోట, పదిని అయిదుసార్లు కూడితే చాలు. లక్ష కాస్తా యాభై అయింది! తాళాల తయారీదారులు అప్పటినుంచి పిన్నుల నడుమ నొక్కులు పెట్టడం వంటి ఉపాయాలతో ఈ పనిని కష్టతరం చేస్తూ వస్తున్నారు. అసాధ్యం మాత్రం చేయలేకపోయారు.

ఈ కథలోని నీతి ఇది. తాళం దొంగను ఆపదు, ఆలస్యం చేస్తుంది. మంచి తాళం 51 గంటలు ఆలస్యం చేయగలదు, చవక తాళం అర నిమిషమైనా చేయలేకపోవచ్చు. మనం దుకాణంలో డబ్బిచ్చి కొనేది కాలాన్నే.

దొంగ తాళం తీయడు, కోస్తాడు

గిడ్డంగుల దొంగలలో హాబ్స్ వంటి ఓర్పు గలవారు అరుదు. వాళ్ళ ఆయుధం కడ్డీలు కోసే పెద్ద కత్తెర. దానిలో ఉన్నది అడకత్తెర సూత్రమే, కాకపోతే రెండంచెలుగా ఉంటుంది. పొడవాటి పిడులు చేతిబలాన్ని పది రెట్లు చేస్తే, వాటికి తగిలించిన రెండవ మీట దానిని మరొక అయిదు రెట్లు చేస్తుందనుకోండి. మొత్తం యాభై రెట్లు. పాతిక కిలోల బరువు ఎత్తే బలంతో పిడులను నొక్కితే కత్తి అంచు వద్ద పన్నెండు వందల యాభై కిలోల ఒత్తిడి కలుగుతుంది. చవక తాళపు కొక్కెం దీనికి చెరకు గడతో సమానం.

దీనికి విరుగుళ్ళు మూడు. మొదటిది మందం. కడ్డీ కోతకు కావలసిన బలం దాని అడ్డకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆరు మిల్లీమీటర్ల కడ్డీ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. పన్నెండు మిల్లీమీటర్లదానికి సుమారు 113. మందం రెట్టింపయితే కోయవలసిన ఉక్కు నాలుగు రెట్లవుతుంది. రెండవది గట్టిదనం. మన ఊరి కమ్మరి ఎర్రగా కాల్చిన గొడ్డలి అంచును నీటిలో ముంచడం గుర్తుందా? కొక్కేన్నీ అలాగే కాల్చి చల్లార్చి గట్టిపరుస్తారు. అప్పుడు కత్తెర అంచుకే నొక్కులు పడతాయి. గట్టిపరచిన కొక్కెం మీద ఆ సంగతి ఇంగ్లీషులో ముద్రించి ఉంటుంది. కొనేముందు చూసుకోవాలి. మూడవది, అన్నిటికంటె తెలివైనది, కత్తెర నోటికి కొక్కేన్ని అందకుండా చేయడం.

ఈ మూడవ ఉపాయమే చక్రపు తాళం. జర్మనీలో పుట్టి, ఇప్పుడు గిడ్డంగుల కార్యాలయాలలోనే అమ్ముతున్న గుండ్రని తాళం ఇది. డెబ్బయి మిల్లీమీటర్ల వ్యాసమున్న స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్ళలాగా ఉంటుంది. కొక్కెం దాదాపు మొత్తం బిళ్ళలోపలే దాగి ఉండి, ఒక చిన్న గాడిలో మాత్రమే కనిపిస్తుంది. అక్కడికి కత్తెర నోరు చేరదు. తలుపు గడియలోనే ఇమిడిపోయే సిలిండరు తాళాలు మరికొన్ని గిడ్డంగులలో ఉన్నాయి. వాటికి బయట కోయడానికి కొక్కెమే ఉండదు.

అయితే కురువిందం పొడి పూసిన చక్రంతో కోసే కరెంటు యంత్రం ముందు ఏ ఉక్కైనా చివరకు లొంగవలసినదే. కురువిందం ఉక్కు కంటె గట్టిది. కాని ఆ యంత్రం నిప్పురవ్వలు చిమ్ముతుంది, వీధి చివరిదాకా వినిపించేటంత రొద చేస్తుంది. గట్టి తాళం దొంగ చేత ఈ రొద చేయిస్తుంది. ఆ రొద వినేవాళ్ళు, ఆ వెలుగు చూసేవాళ్ళు ఉంటేనే అది పనికివస్తుంది. నిర్మానుష్యమైన చోట ఎంత గొప్ప తాళమైనా సగం తాళమే.

ఈనాడు ఫోనుతో తెరిచే తాళాలూ వచ్చాయి. వాటిలో తాళంచెవి మారింది గాని కొక్కెం మారలేదు. కొనేటప్పుడు మందమూ, గట్టిదనమూ వాటికీ చూడవలసిందే.

ఇక గొళ్ళెం సంగతి

నేను మరచినది ఇదే. మంచి తాళానికి ఎంత ఖర్చు పెట్టినా, అది వేలాడేది తలుపు గొళ్ళేనికి. ఆ గొళ్ళెం పలుచని రేకయితే, దానిని బిగించిన మరలు బయటినుంచి విప్పడానికి వీలుగా ఉంటే, దొంగ తాళం జోలికే పోడు. గొలుసు బలం దానిలోని బలహీనమైన కడియం బలమే కదా! కనుక గది అద్దెకు తీసుకునేముందు గడియను చేతితో కదిపి చూడాలి. మరల తలలు బయటికి కనిపిస్తున్నాయా, మూసిన తలుపును లేపితే కింద సందు వస్తున్నదా, పక్కగదికీ మనకూ నడుమ గోడ పైకప్పుదాకా ఉన్నదా, లేక పై భాగంలో తీగల వల మాత్రమే ఉన్నదా అని పరిశీలించాలి. దీపాలు, కెమేరాలు, ఒక్కొక్క అద్దెదారుకు వేరు వేరు గేటు సంఖ్య, రాత్రి అక్కడే నివసించే ఉద్యోగి, ఇవన్నీ గొళ్ళెంలో భాగాలే.

ఆలస్యం చేయడం ఒక పని, జరిగినది తెలియజేయడం మరొక పని. మన కచేరీలలో తలుపుకు తాళం వేసి, దానిపై గుడ్డ చుట్టి లక్కముద్ర వేసేవారు. ఆ లక్క ఎవరినీ ఆపలేదు, పసిపిల్లవాడైనా పగులగొట్టగలడు. కాని పగిలిందని మరునాడు ఉదయమే తెలిసిపోతుంది. నా గదిలో లోపించినది ఈ లక్కముద్రే. నెలకొకసారి వెళ్ళి నా తాళంచెవి తిప్పి చూసుకుని ఉంటే చోరీ సంగతి నెలలోపే తెలిసేది. పోలీసులకు కెమేరా చిత్రాలయినా దొరికేవేమో. ఇప్పుడు నేను తాళానికి చెరగని రంగుతో ఒక గుర్తు పెట్టి, ఫోటో తీసి దాచుకుంటున్నాను. దూరాన ఉన్నప్పుడు ఆ ఊరిలోని మిత్రుణ్ణి ఒకసారి చూసిరమ్మంటున్నాను.

దొంగ కోయని తాళాన్ని చట్టం కోయవచ్చు

మన కుటుంబాలకు దొంగ భయంతో పాటు మరొక భయం కూడా ఉంది. అద్దె బాకీ పడితే అద్దెదారుకు నోటీసు ఇచ్చి, గడువు తీరిన తరువాత తాళం కోసి సామానును వేలం వేసే హక్కును అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల చట్టాలూ గిడ్డంగి యజమానికి కల్పిస్తున్నాయి. గడువులూ, పద్ధతులూ రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. యజమాని ముందుగా మన తాళంపై తన తాళం వేస్తాడు, తరువాత మనమిచ్చిన చిరునామాకు నోటీసు పంపుతాడు.

తల్లిదండ్రుల అనారోగ్యం వల్లనో, వీసా చిక్కుల వల్లనో స్వదేశంలో ఆరు నెలలు ఉండిపోవడం మనలో ఎందరికి అనుభవం కాదు? ఆ సమయంలో క్రెడిట్ కార్డు గడువు తీరిపోతుంది. నోటీసు మనం ఎప్పుడో ఖాళీ చేసిన అపార్టుమెంటుకు వెళుతుంది. ఎంత మందపు కొక్కెమైనా ఈ ఆపద నుంచి కాపాడలేదు. చిరునామా, ఈమెయిలు, ఫోను, కార్డు వివరాలు మారినప్పుడల్లా గిడ్డంగివారికి తెలియజేయాలి. అమెరికాలోనే ఉండే బంధువునో, మిత్రుణ్ణో రెండవ సంప్రదింపు వ్యక్తిగా వ్రాయించాలి.

బీమా సంగతి కూడా ఒక మాట. ఇంటి బీమా గిడ్డంగిలోని సామానుకు కొంత వర్తిస్తుంది. కాని ఇంటి యజమానుల సాధారణ పాలసీ నమూనాలో ఆ పరిమితి ఇంటి సామాను బీమా మొత్తంలో పదోవంతు, లేదా వెయ్యి డాలర్లు, ఏది ఎక్కువయితే అది. ఆభరణాల చోరీకి ప్రత్యేకంగా కొనకపోతే 1,500 డాలర్లకు మించి రాదు. మన ఇళ్ళలోని బంగారానికి అది ఏ మూలకు? నగలను గిడ్డంగిలో పెట్టకూడదన్న నిబంధన అనేక అద్దె పత్రాలలో ఉంటుంది కూడా. అందుచేత పత్రాన్నీ, పాలసీనీ చదివిన తరువాతే సామాను ఎక్కించాలి. గదిలో పెట్టిన వస్తువుల ఫోటోలూ, జాబితా మన దగ్గర ఉండాలి.

చివరి మాట

గిడ్డంగి గదిలో ఏమి పెట్టవచ్చునని ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే ఒకే కొలత చెబుతాను. పోతే డబ్బుతో మళ్ళీ కొనగలిగిన వస్తువును పెట్టండి. డబ్బుతో కొనలేనిదానిని ఎంత ఇరుకైనా ఇంటిలోనే ఉంచుకోండి. ఆల్బములను, ఉత్తరాలను, దస్తావేజులను కంప్యూటరులోకి ఎక్కించి, రెండు ప్రతులు రెండు చోట్ల దాచండి. ముఖ్యంగా, లోపలి పెట్టెలకు తాళాలు వేసి వాటి విలువను దొంగకు చాటకండి.

ఆ ట్రంకు పెట్టె తిరిగి దొరకలేదు. దానిని ఎత్తుకుపోయినవాడు ఇత్తడి తాళం పగులగొట్టి, లోపల తనకు చదవరాని లిపిలో ఉన్న కాగితాలను చూసి ఏమనుకున్నాడో! వాడికి అవి ఒక్క సెంటు చేయవు. అమ్మ చేతివ్రాతలో ఇప్పుడు నా దగ్గర మిగిలినది ఒకే ఒక్క నీలిరంగు ఏరోగ్రాం. అది న్యూజెర్సీకి మేము వెంట తెచ్చుకున్న ఒక పుస్తకంలో, పుట గుర్తుకోసం పెట్టినది పెట్టినట్లుగా ఉండిపోయింది. దానికి ఏ తాళమూ లేదు. ఇంటిలో, మా కళ్ళ ముందు ఉన్నది, అంతే.